మూడు ఏడుల తలుపు

మొన్న మా కోడలికి ఏదో ధ్రువీకరణ పత్రం కావాలంటే తోడుగా ఏలూరులో ఒక కంప్యూటరు సెంటరుకి వెళ్ళాను. అక్కడ కూర్చున్న అమ్మాయి చకచకా నాలుగు మీటలు నొక్కింది. తెర ఒక్కసారి తెల్లబడి, పైన నల్లటి లావుపాటి అక్షరాలతో ఒక ఇంగ్లీషు మాట వచ్చి కూర్చుంది. ఆ అమ్మాయి విసుక్కుని మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మాట. నేను అయిదో తరగతితో పలకా బలపం పక్కన పెట్టినదాన్ని, ఇంగ్లీషులో అంకెలు తప్ప ఏమీ చదవలేను. అయినా ఆ మాటను మాత్రం చూడగానే పోల్చుకున్నాను. బజారులో దూరాన పోయే మనిషిని, మొహం కనబడకపోయినా, నడకను బట్టి ఫలానావారే అనుకుంటాం చూడండి, అలాగ. ఫర్‌బిడెన్. మీకు ఇక్కడ అనుమతి లేదు అని దాని అర్థం. సర్వరు పర్మిషన్ ఇవ్వడం లేదండీ, రేపు రండి అని ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది గాని, నేను అక్కడి బల్ల మీద కూలబడ్డాను. ఎండదెబ్బేమోనని మా కోడలు పరుగున వెళ్ళి మజ్జిగ తెచ్చి తాగించింది. ఎండ వల్ల కాదని ఆ పిల్లకి ఎలా చెప్పను? తను మా ఇంట అడుగు పెట్టడానికి ఎంతో ముందు జరిగిన సంగతి అది. నా వయసువాళ్ళకైతే విడమరిచి చెప్పక్కర్లేకుండానే అందుతుంది గనక మీతో చెప్పుకుంటున్నాను.

మా పుట్టిల్లు ఏలూరు, అత్తవారిది తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల టోకు వ్యాపారం. గూడెంలో ఉల్లిపాయల బజారు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పేదేముంది, తెల్లవారకుండానే లారీలు, గోనెసంచుల దుమ్ము, ఎంత ఉతికినా చీరల్లోంచి పోని ఆ ఘాటు. పెళ్ళయిన కొత్తలో మా అన్నయ్య నన్ను చూడ్డానికి వచ్చి, నా కళ్ళు ఎర్రగా ఉన్నాయని కంగారుపడితే, కష్టపెట్టి కాదు బావగారూ, సరుకు దిగింది అని మావారు నవ్వారు. మామగారూ మావారూ కొట్టు చూసుకునేవారు. అత్తగారు పోయాక ఇంటి పెత్తనం నా మీద పడింది. మా మరిది ఒక్కడికే ఆ బస్తాల మధ్య కూర్చోవడం ఇష్టం లేకపోయింది. ఏలూరులో మా అన్నయ్య ఇంట్లో ఉండి కంప్యూటరు చదువు చదువుకుని వచ్చాడు. వచ్చి, మేడ మీద గదిలో ఒక కంప్యూటరు పెట్టుకుని, మన వర్తకుల కుటుంబాలన్నిటికీ పనికొచ్చేలా పెళ్ళి సంబంధాల సైటు పెడతానన్నాడు. మామగారికి కంప్యూటరు మీద గురి లేదు గాని సంబంధాలు కుదర్చడం పుణ్యమని గురి ఉంది. అందుకని ఒప్పుకున్నారు.

వంటింటి పని కాకుండా నేను చేసిన మొదటి పని అదేనండీ. ఆడపిల్లల ఫోటోలు పట్టుకుని మగవాడి దగ్గరికి ఏ తల్లి వెళుతుంది? మధ్యాహ్నం భోజనాలయ్యాక, కొంగు చాటున ఫోటో పెట్టుకుని నా దగ్గరికే వచ్చేవారు. పిల్ల ఏ నక్షత్రం, ఏ గోత్రం, ఎంతవరకు చదివింది, అమ్మమ్మగారి ఊరు ఏది, అన్నీ నాకు చెప్పేవారు. నాకు రాసుకునే అలవాటు లేదు. విన్నది అలాగే ఉండిపోతుంది, అది నా గొప్ప కాదు, పుట్టుకతో వచ్చిన సంగతి. సాయంత్రం మరిది పక్కన కూర్చుని ఒక్కో ఫోటో చూపిస్తూ చెబుతూ ఉంటే అతను టకటకా కొట్టుకుపోయేవాడు. వచ్చిన ప్రతి తల్లీ వెళ్ళేముందు గుమ్మంలో ఆగి ఒకటే అడిగేది. ఏవండీ, ఇది ఎవరు పడితే వాళ్ళు చూసేస్తారాండీ, అని. మన సంఘంలో పేరు రాయించుకున్నవాళ్ళకే కనబడుతుందని మా మరిది నాకు చెప్పి ఉన్నాడు గనక, నేనూ అదే చెప్పేదాన్ని. మా ఇంట్లో బీరువాలో దాచినట్టే అనుకోండి అనేదాన్ని. నమ్మకంగానే అన్నాను.

అన్నిటికంటే ముందు ఇచ్చిన ఫోటో మా అన్నయ్య కూతురిది. మా మేనకోడలు. మా మరిది ఏలూరులో ఉన్నంతకాలం వేడి వేడి పెసరట్టు వేసి పెట్టిన పిల్ల. వదినా, దానికి మంచి సంబంధం తేవడానికే ఈ సైటు అనుకోండి అనేవాడు.

ముహూర్తం పెట్టించి సైటు తెరిచాం. ఇప్పటి పిల్లలు నవ్వుతారేమో గాని, మేడ మీద గదికి మామిడాకులు కట్టి, కంప్యూటరు తెర మీద కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చాం. సంఘం పెద్దలు కుర్చీల్లో, ఆడవాళ్ళం గుమ్మం దగ్గర చాప మీద. మన ఇంటిపిల్లతోనే మొదలెడదాం అని మామగారు మా మేనకోడలి పేరు మీద బాణం గుర్తు పెట్టి నొక్కారు. ఫోటో రాలేదు. ఆ మాట వచ్చింది. మొదటిసారి దాన్ని నేను చూడటం అప్పుడే. మరిది ముందుకు వంగి ఇంకో పిల్ల పేరు నొక్కాడు, మళ్ళీ అదే. ఇంకోటి, మళ్ళీ అదే. పెద్దల్లో ఒకాయనకి వేళాకోళం ఎక్కువ. "ఏవండోయ్, సరుకు లోపలుంచి కొట్టు తెరిచారేంటండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. మామగారు నవ్వలేదు. పురోహితుడు గడియారం చూసుకుంటూ, "కానివ్వండి బాబూ, దుర్ముహూర్తం వచ్చేస్తుంది" అని ఒకటే తొందర.

మరిది ఏలూరులో తనతో చదువుకున్న స్నేహితుడికి ఫోను చేశాడు. తివాచీలు నేసే ముస్లిముల ఇంటబ్బాయి, అక్కడ ఒక ఇంటర్నెట్ సెంటరు నడిపేవాడు, మా ఇంటికి వస్తూ పోతూ ఉండేవాడు, నన్ను అక్కా అనేవాడు. ఆ ఫోను అవతలి మాటలు పక్కవాళ్ళకి కూడా వినబడే రకం. "ఫోటోల ఫోల్డరుకి పర్మిషన్ సరిగ్గా పడలేదురా. ఏది తప్పిందో ఇప్పుడు వెతుక్కుంటూ కూర్చునే టైము లేదుగా, మొత్తానికి మూడు ఏడులు కొట్టెయ్. పూజ కానిచ్చేయ్. కానీ ఒరేయ్, రేపు పొద్దున్నే మార్చెయ్యాలి సుమా. అలా వదిలేస్తే కష్టం" అన్నాడు. మరిది ఏదో కొట్టాడు. మామగారు మళ్ళీ నొక్కారు. మా మేనకోడలు ఆకుపచ్చ పట్టుచీరలో, తల కొంచెం పక్కకి వంచి, తెరంతా పరుచుకుని నవ్వింది. గది గదంతా చప్పట్లు.

ఆ సందట్లో మామగారు, ఏం చేశావురా అని అడిగారు. మరిది తెర మీద చూపించాడు. ఏడు, ఏడు, ఏడు. మా బజారులో బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ఏడు అనకుండా ఆరున్నొక్కటి అనే వర్తకులే ఎక్కువ. మా మామగారి దారి మాత్రం వేరు. ఆయనకి అది ఏడుకొండలవాడి అంకె. లారీ నెంబరు కూడితే ఏడు రావాలి, కొట్టు తాళాల గుత్తికి ఏడు తాళంచెవులే ఉండాలి, ఒకటి ఎక్కువైతే విడిగా మేకుకి తగిలించేవారు. అలాంటి మనిషికి ఒకటి కాదు, మూడు ఏడులు వరసగా కనబడ్డాయి. అవి కొట్టగానే మూసుకున్న తలుపు తెరుచుకుంది. రెండు చేతులూ ఎత్తి ఆ కంప్యూటరుకి దండం పెట్టారాయన.

ఆ అంకెల సంగతి మరిది ఆ సాయంత్రమే నాకు విప్పి చెప్పాడు. ఫోల్డరు అంటే ఒక గది అనుకోమన్నాడు. ప్రతి గదికీ మూడు రకాల మనుషులు ఉంటారట. గది సొంతదారు, అతని తాలూకు వాళ్ళు, దారిన పోయేవాళ్ళు. ఒక్కొక్క రకానికీ మూడు హక్కులు. చూడటం, చెయ్యి పెట్టడం, గడప దాటి రావడం. చూడటానికి నాలుగు, చెయ్యి పెట్టడానికి రెండు, గడప దాటడానికి ఒకటి. మూడూ ఇచ్చేస్తే కలిపి ఏడు. నాకు వెంటనే మా అత్తగారి ఊరగాయల గది గుర్తొచ్చింది. ఆవిడ మడి కట్టుకుని తప్ప జాడీ మూత తీసేవారు కాదు. కోడలిగా నేను లోపలికి వెళ్ళవచ్చు, కళ్ళారా చూడవచ్చు, జాడీని ముట్టుకుంటే మాత్రం ఊరుకునేవారు కాదు. అంటే ఆవిడకి ఏడు, నాకు అయిదు. "అంతే వదినా, మన ఫోటోల గదికి కూడా నాకు ఏడు, మిగిలినవాళ్ళకి అయిదు ఉంటే చాలు. ఇప్పుడున్నదేమో దారిన పోయేవాడు కూడా లోపలికొచ్చి జాడీలో చెయ్యి పెట్టేలాగ ఉంది. పొద్దున్నే మార్చేస్తాను" అన్నాడు.

పొద్దున్న మామగారు స్నానం చేసి, విబూది పెట్టుకుని, ఎప్పుడూ ఎక్కని మేడ ఎక్కి వచ్చి ఆ కంప్యూటరుకి అగరొత్తి వెలిగిస్తున్నారు. నేను కాఫీ తీసుకెళ్ళాను.

"నాన్నగారూ, ఒక్క నిమిషం జరగండి. ఆ నెంబరు మార్చాలి."

"ఏ నెంబరు?"

"నిన్నటిదేనండీ. ఏడు, అయిదు, అయిదు పెడితే సరిపోతుంది. అలా ఉంచకూడదు."

మామగారు అగరొత్తి గుచ్చి వెనక్కి తిరిగారు. "ఏరా, నీ అంతట నువ్వు కుస్తీ పడితే తెరుచుకుందా అది? నలుగురిలో నా పరువు పోతుంటే ఆయనొచ్చి నిలబడ్డాడు. తెల్లారేసరికి స్వామిని దింపేసి అయిదుల్ని ఎక్కిస్తావా?"

"అది స్వామికి సంబంధించింది కాదండీ, పర్మిషన్..."

"మంచి ముహూర్తాన తెరిచిన తలుపు. నడుస్తోందా లేదా? నడుస్తున్నదాన్ని కెలకడమెందుకురా? ఏవమ్మా, నువ్వు చెప్పు" అని నా వైపు చూశారు. ఆయన ముందు నేను ఎన్నడూ తల ఎత్తి మాట్లాడినదాన్ని కాను. కాఫీ చల్లారిపోతోందండీ అన్నాను. మరిది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తండ్రికి తెలియకుండా మార్చేసినా ఆయనకి తెలిసేది కాదు. కానీ పొద్దున్నే వచ్చి దండం పెట్టుకునే మనిషిని మోసం చెయ్యడానికి అతనికి చేతులు రాలేదు. మెల్లిగా చెబుతాను వదినా, ఆయనే వింటారు అన్నాడు.

వినే రోజులు రాలేదు. ఎందుకంటే, కొద్ది రోజులకే అత్తిలి నుంచి కబురు వచ్చింది. సైటులో మా మేనకోడలిని చూశారట, అబ్బాయికి నచ్చిందట, ఎరువుల కొట్టు, ఒక్కడే కొడుకు. ఇంట్లో పెద్దలకి చూపించడానికి ఒక ఫోటో పంపమన్నారు. పంపాం. పెళ్ళిచూపులు ఏలూరులో మా అన్నయ్య ఇంట్లోనే. అబ్బాయి నెమ్మదస్తుడు. ఏమైనా అడగాలా అమ్మా అని వాళ్ళమ్మ అంటే, మా మేనకోడలు తల దించుకునే, నాకు బస్సు పడదండీ, వాంతులవుతాయి అంది. అక్కడున్న పెద్దలందరూ బిత్తరపోయారు. ఆ అబ్బాయి మాత్రం, "మా ఊరికి రైలుందండీ. నిడదవోలులో మారితే చాలు" అన్నాడు. పిల్ల ఫక్కున నవ్వేసింది. అయిపోయింది, ఆ నవ్వుతో ఇద్దరికీ కుదిరిపోయింది. ఆ రాత్రి అది నా పక్కన పడుకుని, అత్తా, నిడదవోలులో ఎంతసేపు ఆగాలి, అని అడిగింది. అంత ఇష్టపడింది.

మూఢం వెళ్ళాక తాంబూలాలు పుచ్చుకుందామన్నారు. మామగారి ఆనందం చెప్పలేను. ఆ అంకె పెట్టాక మొదటి సంబంధం మన ఇంటిపిల్లకే వచ్చింది చూశారా అని బజారంతా చెప్పుకున్నారు. కొల్లేటికోట అమ్మవారికి చీర పెడతానని మొక్కుకుని మమ్మల్నందరినీ తీసుకెళ్ళారు. పంటు మీద నిలబడి కాలవ దాటుతున్నాం. అటూ ఇటూ చేపల చెరువుల గట్లు, నీళ్ళ మీద తెల్ల కొంగలు, చేపల మేత వాసన. అక్కడ మరిది మళ్ళీ ఎత్తాడు.

"నాన్నగారూ, ఇప్పుడైనా ఆ నెంబరు సంగతి..."

"మళ్ళీ అదేనా?"

"సైటు ఉండే కంప్యూటరు మన ఇంట్లోది కాదండీ, కంపెనీవాళ్ళ సర్వరు. వాటాల ఇల్లు లాంటిది, ఎందరో అద్దెకుంటారు. మన వాటా తలుపు తీసి ఉంటే పక్కవాటాలో దూరినవాడు మన దాంట్లోకీ వస్తాడు."

"వస్తే రానీరా. వచ్చినవాడు ఏం తీసుకుపోతాడు? అక్కడ ఉల్లిపాయలున్నాయా?" అన్నారు మామగారు. మావారూ, పంటు లాగేవాళ్ళూ కూడా నవ్వారు. మూఢంలో కొత్తగా ఏదీ చెయ్యకూడదు, తాంబూలాలు అవ్వనీ, నీ ఇష్టం వచ్చిన అంకె పెట్టుకుందువు గాని అని మామగారే చివరికి మెత్తబడ్డారు. మరిది మొహం వెలిగింది. నాకూ గుండె తేలికపడింది. ఇంకెంత, మూఢం వెళ్ళిపోతే చాలుననుకున్నాను.

మూఢం ఇంకా వెళ్ళలేదు. ఒక ఆదివారం పొద్దున్న ఏలూరు నుంచి అన్నయ్య ఫోను. గొంతు గుర్తుపట్టలేకపోయాను. "అమ్మాయ్, మీవాడి సైటు ఇవాళ తెరిచి చూశారా?" అన్నాడు. జరిగింది చెప్పాడు. అత్తిలివారింటికి హైదరాబాదు నుంచి చుట్టాలు వచ్చారట. కాబోయే కోడలిని చూపిద్దామని పెళ్ళికొడుకు తల్లి అందరినీ కంప్యూటరు ముందు కూర్చోబెట్టిందట.

నేను మేడ మెట్లు ఎక్కేసరికి మరిది తెర మీద తువ్వాలు కప్పేశాడు. "వదినా, మీరు చూడకండి" అన్నాడు. తువ్వాలు అంచున మా మేనకోడలి ఆకుపచ్చ చీర చెంగు కనబడుతోంది. దాని పక్కన ఏముందో కూడా కొంచెం కనబడింది. అదేమిటో నా నోటితో చెప్పను. పెళ్ళి కావలసిన పిల్లల మొహాలన్నిటి పక్కనా అవే పాడు బొమ్మలట. ఎవరో, ఏ దేశంవాడో, మనమంటే పగ కూడా లేనివాడు, తలుపు తీసి ఉంది గనక వచ్చి పెట్టిపోయాడు.

మరిది అవన్నీ తీసేశాడు. తెల్లారేసరికి మళ్ళీ ఉన్నాయి. అప్పుడు ఏడు అయిదు అయిదు పెట్టాడు, ఎవరినీ అడగకుండా. అయినా వస్తున్నాయి. ఏలూరు స్నేహితుడు కబురు తెలిసిన వెంటనే మొదటి రైలుకి వచ్చేశాడు. నేను ముందే చెప్పానుగా అని ఒక్క మాట అనలేదు ఆ పిల్లవాడు, అది మాత్రం నేను మర్చిపోలేను. ఇద్దరూ ఆ గదిలో అన్నం నీళ్ళు లేకుండా కూర్చున్నారు. నేను కంచాలు పైకి తీసుకెళ్ళడం, అలాగే కిందికి తీసుకురావడం. నాకు ఇంకేం చేతనవును? వచ్చినవాడు మన గదిలోనే తనకంటూ ఒక చిన్న గది కట్టుకున్నాడట. దాన్ని తీసెయ్యబోతే, నీకు అనుమతి లేదు అని మా మరిదికే చెబుతోంది ఆ కంప్యూటరు. "ఇల్లు మనదేనండీ అక్కా, అద్దె కడుతున్నది మనమే. వాడి గది తలుపు తియ్యడానికి మాత్రం మనకి పర్మిషన్ లేదు" అన్నాడు ఆ స్నేహితుడు. సర్వరు కంపెనీవాళ్ళకి ఫోను చేస్తే ఒక పాట వినిపించేవారు. పాట అయ్యాక ఒకరు ఇంగ్లీషులో ఏదో చెప్పేవారు, మళ్ళీ పాట. మరిదికి వచ్చిన ఇంగ్లీషు చదువుకునే ఇంగ్లీషు, బతిమాలుకునే ఇంగ్లీషు కాదు. ప్లీజ్ సర్, లేడీస్ ఫోటోస్ సర్ అంటూ ఉండేవాడు. నేను తలుపు అవతల నిలబడి విని కళ్ళు తుడుచుకునేదాన్ని.

ఆఖరికి తన వల్లకాదని తేలిపోయాక, సైటు మొత్తానికి ఎవరికీ ఏ హక్కూ లేకుండా చేసి మూసేశాడు. ఇంక ఎవరు తెరిచినా అదే మాట, ఫర్‌బిడెన్. ఆ మాటను చూసి సంతోషపడిన రోజు నా జీవితంలో అదొక్కటే. మామగారు ఆ రోజులన్నీ మేడ ఎక్కలేదు. కొట్లో గల్లాపెట్టె ముందు గోడకేసి చూస్తూ కూర్చునేవారు. రాత్రి నేను మంచినీళ్ళు పెడుతుంటే, "అమ్మా, తలుపు పడిందా?" అని అడిగారు. పడిందండీ అన్నాను. ఆయన కొడుకుని పిలిచి ఒక్క మాట అనలేదు, తనదే తప్పని కూడా అనలేదు. ఫోటోలు ఇచ్చిన తల్లులు మా గుమ్మంలోకి వచ్చి అరిచినా బాగుండేది. వాళ్ళు నన్ను బజారులో చూసి, ఫరవాలేదులెండి, మీరేం చేస్తారు అని నెమ్మదిగా పక్కకి తప్పుకుపోయేవారు.

మర్నాడు మామగారు ఉతికిన పంచె కట్టుకుని, అత్తిలి వెళదాం పదమ్మా అన్నారు. ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. పెళ్ళికొడుకు తల్లి ఎంత మర్యాదస్తురాలో చెప్పలేను. కాళ్ళకి నీళ్ళిచ్చింది, కుర్చీలు తుడిచి వేసింది.

"అయ్యో, ఇంత ఎండలో ఇంత దూరం మీరు రావాలా అండీ? కబురంపితే మేమే వచ్చేవాళ్ళం కదండీ."

"అమ్మా, పిల్ల నిప్పులాంటిది. తప్పు నా ఇంట జరిగింది. మా సైటులో..." అని మామగారు చేతులు జోడించారు. ఎవరి దగ్గరా తగ్గి మాట్లాడి ఎరగని మనిషి.

"పిల్లకేం అండీ, బంగారం. మాకు తెలియదా? కాఫీ తీసుకోండి. పంచదార సరిపోయిందాండీ?"

"మరి తాంబూలాలు..."

"మూఢం వెళ్ళనివ్వండి. ఆలోచించి చెప్తాం. ఇంకో జంతిక వేసుకోండమ్మా, ఇంట్లో చేసినవే."

ఎటు తోసినా మెత్తగానే తగిలింది. ఎక్కడ పట్టుకుని బతిమాలాలో కూడా దొరకలేదు. కసురుకుంటే కాళ్ళ మీద పడి ఉండేవాళ్ళం. అంత మర్యాద ముందు ఏం చెయ్యగలం? జంతికలు నమిలి బస్సెక్కాం.

మూఢం వెళ్ళిన మూడో నాడో నాలుగో నాడో, మిట్టమధ్యాహ్నం, గుమ్మంలో ఎవరో దగ్గారు. చూస్తే ఆ అబ్బాయే. ఒక్కడే వచ్చాడు. చొక్కా తడిసిపోయి వీపుకి అంటుకుపోయింది. స్టేషను నుంచి నడిచే వచ్చాడట. లోపలికి రమ్మంటే వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే గ్లాసుడూ తాగి, ఇంకో గ్లాసు అడిగి అదీ తాగాడు. మన వైపు సంబంధం వద్దనుకున్నవాళ్ళు వద్దని నోటితో అనరు కదండీ, పిల్ల ఫోటో తిప్పి పంపుతారు. మామూలుగా ఏ మధ్యవర్తి చేతనో పంపిస్తారు. ఈ అబ్బాయి కవరు తీసి, రెండు చేతులతో పట్టుకుని నాకు ఇచ్చాడు.

"అమ్మ చుట్టాలందరి ముందూ చూసిందండీ. కళ్ళు మూసుకుంటే అదే కనబడుతోందంటుంది. నేను చెప్పి చూశాను. చాలా చెప్పానండీ" అన్నాడు. కవరు వంకే చూస్తూ, "అమ్మాయిగారితో... నేనే వచ్చి ఇచ్చానని చెప్పండి" అన్నాడు. భోంచేసి వెళ్ళు బాబూ అన్నాను. రైలుకి టైమయిందండీ అని లేచాడు. వీధి చివర మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. మేడ మీద గదిలోంచి మరిది కూడా చూస్తున్నాడని తరవాత తెలిసింది. ఆ మర్నాటి నుంచి అతను కొట్లో కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు.

ఆ కవరు నేనే ఏలూరు పట్టుకెళ్ళి మా మేనకోడలి చేతిలో పెట్టాను. ఏడవలేదు. ఫోటో బయటికి తీసి, కాసేపు చూసుకుని, మళ్ళీ కవరులో పెట్టింది. "ఇది వచ్చేసింది అత్తా. ఆ మిగతావి ఎక్కడున్నాయి?" అంది. నాకు తెలియదు. ఇంటికొచ్చి మరిదిని అడిగాను. సైటు మూసేశాం గాని, మూసేముందు ఎవరెవరు తీసుకుపోయి ఎక్కడెక్కడ పెట్టుకున్నారో తనకీ తెలియదన్నాడు. దేవుడికి తప్ప ఎవరికీ తెలిసే దారి లేదట.

తరవాత ఏడాదికి గణపవరంలో ఒక మంచి ఇంట్లోకే వెళ్ళింది మా మేనకోడలు. అల్లుడు బుద్ధిమంతుడు, ఇద్దరు పిల్లలు, దేనికీ లోటు లేదు. అయితే మా ఇళ్ళల్లో ఏ శుభకార్యానికి తీసిన ఫోటో చూసినా అందులో అది ఉండదు. అందరినీ వరసగా నిలబెట్టి, ఫోను తన చేతిలోకి తీసుకుని, నేను తీస్తానుగా అంటుంది. ఎవరూ ఎందుకని అడగరు. తెలిసిన నేనూ అడగను.

ఇప్పుడు మా మనవరాళ్ళు సంబంధాలు ఫోనులోనే చూసుకుంటున్నారు. వేలితో ఇటు తోస్తే వద్దని, అటు తోస్తే కావాలని. మంచిదే, తిరిగొచ్చిన ఫోటో చూసుకుని ఏడవక్కర్లేదు, పంచదార సరిపోయిందా అని అడిగించుకోనూ అక్కర్లేదు. వద్దన్న సంగతి ఆ అవతలివాళ్ళకి తెలియను కూడా తెలియదట. ఒకసారి మా మనవరాలు అలా తోస్తూ ఉంటే, ఆ అబ్బాయిల ఫోటోలన్నీ ఎక్కడికి పోతాయే అని అడిగాను. ఏమో అమ్మమ్మా, పోతాయి అంతే, అని నవ్వేసింది. నేనూ నవ్వాను. కాదని చెప్పడానికి కూడా ఒక మనిషి రైలెక్కి, ఎండలో నడిచి వచ్చి, రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి, తలవంచుకుని వెళ్ళిన రోజులు చూసినదాన్ని, వాళ్ళకి ఏమని చెప్పను?